చేతి యెఱుక: హెలెన్ కెల్లర్ రచనలలో స్పర్శ, శబ్దార్థ సంబంధము

హెలెన్ కెల్లర్ (1880–1968) రచనలను గూర్చి విమర్శకులు చేసిన ఆక్షేపణలలో ఒకటి నేటికిని సమసిపోలేదు. పందొమ్మిది నెలల వయస్సున జబ్బు చేసి చూపును, వినికిడిని కోల్పోయిన యీమె పుటలలో వెన్నెల కలదు, ఆకుల రంగులు కలవు, పక్షుల పాట కలదు. ఆ మాటలకు అర్థములైన వస్తువులు ఆమె అనుభవములో లేవు గదా, మఱి యా మాటలు ఆమెవి యెట్లగును? అవి పరుల సొమ్ము, వట్టి శబ్దములు అని ఆక్షేపణ సారము. మొంతేన్ రచనలపై పరిశోధన చేసి పేరు గాంచిన ఫ్రెంచి పండితుడు పియెర్ విలే, అంధుల లోకమును గూర్చి 1914లో ప్రకటించిన గ్రంథమున ఈ యభిప్రాయమును వెలిబుచ్చెను. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు థామస్ కట్స్‌ఫర్త్ 1933లో దానినే మఱింత కఠినముగా చెప్పి, ఆమెకు జరిగిన విద్యాబోధననే తప్పుపట్టెను. వీరిర్వురును అంధులే యగుటచేత ఇది కన్నున్నవారి అహంకారమని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ చర్చ తెలుగు శాఖలకు సంబంధించనిది కాదు. మన తరగతులలో చూపులేని విద్యార్థులున్నారు. వారు ప్రబంధములు చదువుచున్నారు. సూర్యోదయ చంద్రోదయ వర్ణనలు లేని ప్రబంధము అరుదు. ఒక మౌఖిక పరీక్షలో పరీక్షకులొకరు అట్టి విద్యార్థిని, "చంద్రోదయ వర్ణనము నీకేమి తెలియును నాయనా?" అని జాలితో పలుకరించి, ఆ ప్రశ్నను విడిచి వ్యాకరణములోనికి పోవుటను చూచితిని. విలే పేరు వారు విని యుండకపోవచ్చును; ఆ జాలి వెనుక నున్నది మాత్రము విలే సిద్ధాంతమే. స్పర్శ మనుష్యునకు ఏమి నేర్పును, ఎంతవరకు నేర్పును, అట్లు నేర్చినవానికి భాషపై గల హక్కు ఎట్టిది అను ప్రశ్నలను కెల్లర్ గ్రంథములు ఆధారముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1903లో వెలువడిన 'ది స్టోరీ ఆఫ్ మై లైఫ్' నిజమునకు మూడు భాగముల కూర్పు. మొదటిది ఆమె ఆత్మకథ. రెండవది ఆమె లేఖలు. మూడవది జాన్ మేసీ సంతరించిన అనుబంధము; ఉపాధ్యాయిని ఆన్ సలివన్ ఆనాడే వ్రాసిన ఉత్తరములు దీనిలో నున్నవి. సామాన్య పాఠకులు మొదటి భాగముతోనే పుస్తకమును మూసివేయుదురు. కాని అలబామా రాష్ట్రములోని టస్కంబియా గ్రామమున 1887 ఏప్రిల్ 5వ తేదీన పంపు క్రింద జరిగిన ఆ ప్రసిద్ధ సంఘటనకు ఈ గ్రంథములోనే రెండు సాక్ష్యములున్నవి. అవి ఒకదానితో నొకటి పూర్తిగా ఏకీభవింపవు.

శిష్యురాలి కథనము ఇట్లున్నది. చెంబువంటి ఆ పాత్రకు ఒక పేరు, నీటికి వేఱొక పేరు అని ఉపాధ్యాయిని ఎంత చెప్పినను ఆమెకు భేదము బోధపడలేదు. విసుగెత్తి క్రొత్త బొమ్మను నేలకు విసరికొట్టినది. అది పగిలినందులకు విచారము కూడ కలుగలేదు. తరువాత ఇద్దరును బావియింటికి పోయిరి. అక్కడ ఎవరో నీరు తోడుచున్నారు. ఉపాధ్యాయిని ఆమె చేతిని ధార క్రింద నుంచి, రెండవ చేతిలో 'వాటర్' అను మాటను వ్రేళ్ళతో అక్షరాక్షరముగా వ్రాసినది. అంతట భాషారహస్యము విప్పారినది. ఇంటికి మరలి వచ్చి పగిలిన బొమ్మ ముక్కలను తడవికొని మొదటిసారిగా పశ్చాత్తాపపడినది.

ఉపాధ్యాయిని ఉత్తరములో బొమ్మ ప్రసక్తి లేదు. నీరు తోడినది ఎవరో కాదు, తానే. హెలెన్ చేతిలో పాత్ర యున్నది. ఆ పాత్రను ఆమెచేతనే ధార క్రింద పట్టించినది. చిక్కు కూడ పాత్రకు, నీటికి మధ్య కాదు. పాత్రకు, పాలకు మధ్య. ఈ రెండు పేర్లును 'త్రాగుట' అను క్రియతో కలగాపులగమైనవి. ఆ ఉదయము ముఖము కడుగుకొనుచు హెలెన్ నీటి పేరడిగినది, ఉపాధ్యాయిని చెప్పినది, విశేషమేమియు జరుగలేదు. ఫలాహారమైన తరువాత, ఈ క్రొత్తమాట సాయముతో పాత్ర–పాలు చిక్కును విడదీయవచ్చునేమో యను ఊహ సలివన్‌కు తోచినది. ప్రయత్నము ఫలించినది. పాత్ర జారి పడినది. పిల్ల నిశ్చేష్టయై నిలిచినది. పిదప నేల పేరడిగినది, పంపు పేరడిగినది, చివరకు తిరిగి, ఉపాధ్యాయిని పేరే యడిగినది.

పదునైదేండ్ల తరువాత వ్రాసిన కథకంటె ఆనాటి ఉత్తరము విశ్వసనీయమని వేఱుగ చెప్పనక్కఱలేదు. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. మార్చి 31 నాటికి హెలెన్‌కు వచ్చిన 18 నామవాచకములను, 3 క్రియలను సలివన్ ఒక పట్టికగా నిచ్చినది. అందులో 'నీరు' అప్పటికే యున్నది! అనగా పంపునకు ముందే ఆ మాట ఆమె వ్రేళ్ళకు వచ్చినది. నీటి చల్లదనము ఆమె చర్మమునకు పుట్టినది మొదలు తెలిసినదే. పేరును ఉన్నది, స్పర్శయు నున్నది, ఎఱుక లేదు. స్పర్శయే గురువైనచో ఏప్రిల్ 5 వఱకు వేచియుండ నేల?

దీనికి సమాధానము మన శాస్త్రములలో సిద్ధముగా నున్నది. బాలునకు శక్తిగ్రహము, అనగా ఈ పదమున కిది యర్థమను జ్ఞానము, ప్రధానముగా వృద్ధవ్యవహారము వలన కలుగునని మీమాంసకులును, నైయాయికులును చెప్పిరి. పెద్దవాడొకడు మఱొకనితో "గామానయ" అని ఆవును తెమ్మనును, అతడు తెచ్చును. చూచుచున్న బాలునకు వాక్యమంతటికి ఒక ముద్దయర్థము మాత్రమే తోచును. ఏ పదమున కేది అర్థమో తెలియదు. పిదప "గాం బధాన" అని, "అశ్వమానయ" అని విన్నప్పుడు ఒక పదము పోయి వేఱొకటి వచ్చును, దానితోపాటు వస్తువో క్రియయో మారును. ఈ ఆవాపోద్వాపముల చేత, చేర్చుట తీసివేయుటల చేత, ముద్దగా నున్న అర్థము విడివిడి పదములకు పంచబడును. సలివన్ పంపు క్రింద చేసినది సరిగా ఇదియే. పాత్ర, పాలు, త్రాగుట హెలెన్ చేతిలో ఒకే ముద్ద. పాత్రను అట్లే యుంచి, పాలను తీసివేసి, నీటిని చేర్చినది. త్రాగుటను కూడ తొలగించినది, ఏలయన నీరు నోటికి కాక చేతిపై ప్రవహించినది. ఉద్వాపము జరిగినది, ముద్ద విడిపోయినది. ఆ గడియలో ఒక చేతియందు అర్థము, రెండవ చేతియందు శబ్దము. దృష్టిగల బాలునకు అర్థము కంటిద్వారమున, శబ్దము చెవిద్వారమున వచ్చును. ఈమెకు రెండును త్వగింద్రియము ద్వారముననే వచ్చినవి. చల్లదనమొక స్పర్శ, అక్షరములు వేఱొక స్పర్శ. ఈ స్పర్శకు ఆ స్పర్శ పేరని తెలియుటయే ఆనాటి వింత. ఆత్మకథ పాత్రను వదలివైచి ధారను మాత్రము నిలుపుటచేత సన్నివేశము అందగించినది, కారణము మాత్రము మఱుగుపడినది.

ఆ దినమునకు పూర్వపు స్థితిని గూర్చి ఆత్మకథ రెండవ అధ్యాయములో హెలెన్ చెప్పిన సంగతులు ఈ నిర్ణయమును బలపఱచుచున్నవి. ఆమెకు సైగలు వచ్చును. రొట్టె కావలసినపుడు కోసి వెన్న పూయునట్లు అభినయించెడిది. ఐస్‌క్రీము కావలసినపుడు యంత్రము త్రిప్పునట్లు చేసి వణకెడిది. తల్లియు, ఇతరులును సైగలు చేయక నోరు కదల్చుచున్నారని చేతితో కనిపెట్టి, వారి పెదవులు తడవి తన పెదవులు కూడ కదల్చి చూచినది. ఫలము లేకపోగా కోపముతో తన్నినది, అఱచినది. చర్మము లోపము లేనిది, బుద్ధి చుఱుకైనది, జిజ్ఞాస తీవ్రమైనది. అయినను 1908 నాటి గ్రంథము 'ది వరల్డ్ ఐ లివ్ ఇన్'లో ఆ కాలమును ఆమె లోకమే కాని లోకముగా వర్ణించినది. విశ్వనాథ న్యాయపంచాననుడు 17వ శతాబ్దిలో త్వఙ్మనస్సంయోగము జ్ఞానసామాన్యమునకు కారణమని చెప్పెను. గాఢనిద్రలో మనస్సు త్వక్కును వీడి పురీతత్తు అను నాడిలో ప్రవేశించుటచేతనే మన కేమియు తెలియదని ఆ మతము. చర్మమునకు ఇంత పదవి నిచ్చిన శాస్త్రము వేఱొకటి నాకు కనబడలేదు. ఐనను గమనింపవలెను: అది జ్ఞానమునకు ఉండితీరవలసిన సామాన్యకారణమే గాని, అదియొక్కటియే చాలునని వారనలేదు. హెలెన్ మొదటి ఏడేండ్ల జీవితము ఈ భేదమునకు ఉదాహరణము.

ఇట్టి ప్రయత్నము అంతకు అర్ధశతాబ్దికి పూర్వమే బోస్టనులో జరిగినది. శామ్యూల్ హోవ్ 1837 నుండి లారా బ్రిడ్జ్‌మన్ అను బధిరాంధ బాలికకు చదువు చెప్పెను. తాళపుచెవి, చెంచా, కత్తి మున్నగు వస్తువులపై ఉబ్బెత్తు అక్షరముల చీటీలు అంటించి, చీటీని వస్తువును తడవించి, పిదప చీటీలను విడదీసి ఏది దేనిదో జతపఱుపుమనెను. ఇది శాస్త్రీయమైన పద్ధతి. నామమును వస్తువునకు జిగురుతో నంటించు పద్ధతి. లారా నేర్చినది, డికెన్సు 1842లో ఆమెను గూర్చి వ్రాయగా లోకమెఱిగినది. సలివన్ చీటీలు వదలి, పసిబిడ్డతో తల్లి మాటాడునట్లు పూర్తి వాక్యములను చేతిలో పోయసాగినది. వృద్ధవ్యవహారము చేతిలోనికి ప్రవేశించినది. ఇర్వురు శిష్యురాండ్రలో ఒకతె గ్రంథకర్త్రి యగుటకు ఈ భేదము కొంత కారణమని తలచుచున్నాను. ప్రతిభాభేదము కూడ నుండవచ్చును.

ఇక స్పర్శ స్వభావమును గూర్చి. నేర్చుటకు తోడ్పడు స్పర్శ మీద పడిన స్పర్శ కాదు, వెదకెడి స్పర్శ. జేమ్స్ గిబ్సన్ 1962లో ప్రకటించిన ప్రయోగములో రొట్టెలను కోయు అచ్చులవంటి ఆకృతులను, కంటికి కనబడకుండ, అరచేతిపై ఒత్తినపుడు నూటికి 49 వంతులు మాత్రమే సరిగా గుర్తించిరి. తామే వ్రేళ్ళు కదల్చి తడవినపుడు నూటికి 95 వంతులు గుర్తించిరి. క్లాట్‌స్కీ, లెడర్‌మన్ ప్రభృతులు 1985లో కండ్లకు గంతలు కట్టి నూఱు నిత్యోపయోగ వస్తువులను చేతికీయగా నూటికి 96 వంతులు సరిగా పేరు చెప్పబడినవి, అదియు క్షణములలో. 1987లో వారే చేతి కదలికలను వర్గీకరించిరి: నునుపు తెలియుటకు రుద్దుట, గట్టితనమునకు నొక్కుట, బరువునకు ఎత్తిపట్టుట, వేడిమికి కదల్పక యుంచుట, ఆకారమునకు గుప్పిట పట్టుట, అంచుల వెంబడి వ్రేలు పోనిచ్చుట. మన వీధిబడులలో ఇసుకలో గుంట ఓనమాలు దిద్దించుట ఈ చివరిదానికి చెందినది. మదరాసులో నుండిన ఆండ్రూ బెల్ 18వ శతాబ్ది చివర ఇసుక వ్రాతను చూచి తన పాఠశాలలో ప్రవేశపెట్టెను; 1939లో అడయారుకు వచ్చిన మరియా మాంటిసోరి అంతకు చాల పూర్వమే గరుకు కాగితపు అక్షరములను పిల్లల వ్రేళ్ళచేత దిద్దించుచుండెను. వ్రేలు పోవుచుండగా అక్షరము పుట్టుచున్నది.

ఈ 'పోవుట'లోనే కీలకమున్నది. కన్ను వస్తువును ఒక్కసారిగా గ్రహించినట్లు మనకు తోచును. చేయి భాగము వెంట భాగముగా గ్రహించును. కుండను తడవునపుడు అంచు తెలిసినపుడు అడుగు తెలియదు. అడుగునకు చేరునప్పటికి అంచు జ్ఞాపకములో మాత్రమే యుండును. మీమాంసకులు పదజ్ఞానమును గూర్చి చెప్పినదియు నిదియే. వర్ణములు పుట్టి నశించుచుండగా, పూర్వవర్ణముల సంస్కారముతో కూడిన కడపటి వర్ణము అర్థమును బోధించునని శబరస్వామి పక్షము. 'ఘట' శబ్దమును చెవి ఎట్లు వినుచున్నదో ఘటమును చేయి అట్లే తడవుచున్నది. కావున భాషకు సన్నిహితమైన ఇంద్రియము కన్ను కాదు, చేయి. స్పర్శను చూపునకు కొఱవడిన ప్రత్యామ్నాయముగా భావించువారు ఈ విషయమును విస్మరించుచున్నారు. అంధులకొఱకు మొదట అచ్చయిన పుస్తకములు కంటి అక్షరములనే ఉబ్బెత్తుగా పొడిగించినవి. వాటిని చదువుట యాతనయైనది. లూయీ బ్రెయిలీ 1829లో ప్రకటించిన ఆరు చుక్కల లిపి కంటి ఆకృతిని పూర్తిగా విడనాడి వ్రేలి కొన క్రిందికి ఇమిడినది, అది నిలిచినది.

ఈ దృష్టితో 'ది వరల్డ్ ఐ లివ్ ఇన్'ను చదివినచో కెల్లర్ గద్యములోని హెచ్చుతగ్గులకు కొలమానము దొరకును. మొదటి వ్యాసము తన కుక్కను తాకుటతో మొదలగును. అది గడ్డిలో దొర్లుచున్నది. ఆమె దాని రూపమును వ్రేళ్ళలో పట్టుకొనుటకై సాలెగూటిని తాకినంత తేలికగా తాకినది. దాని లావుపాటి దేహము తిరిగినది, బిగుసుకొన్నది, లేచి నిలిచినది, నాలుక ఆమె చేతిని నాకినది. కుక్క రంగెట్టిదో మనకు తెలియదు. తెలియవలెనని తోచదు కూడ. ఆ చిత్రమంతయు క్రియలతో కట్టబడినది. అట్లే నేల కంపనములను గూర్చిన పుటలలో పిల్లల చిటచిట నడక, యువకుని దృఢపాదము, ముసలివాని ఈడ్పుకాలు అడుగుల ద్వారా ఆమెకు చేరుచున్నవి. వడ్రంగి రంపమునకు, చిత్రికకు, సుత్తికి వేర్వేఱు కంపనములున్నవి. ఇతరుల చేతులను గూర్చిన వ్యాసములో మార్క్ ట్వేన్ చేయి చిలిపితనముతో నిండి, పట్టుకొని యుండగనే కరుణగా మారునని చెప్పినది. ఇవి కన్నున్న రచయిత వ్రాయజాలని వాక్యములు. ఆత్మకథలోని ప్రకృతివర్ణనలకు ఈ ప్రాణము లేదు. అక్కడ విశేషణములు గుంపులుగా వచ్చును. అవి ఆనాటి ఆంగ్ల పాఠ్యపుస్తకములనుండి వచ్చినట్లు తోచును. చేతితో వ్రాసినపుడు ఆమె వాక్యమును క్రియ నడపును, కన్నును అరువు తెచ్చుకొన్నపుడు విశేషణము మోయును. ఇది నాకు తోచిన కొలమానము. 'ది వరల్డ్ ఐ లివ్ ఇన్' చివరనున్న దీర్ఘకవితను ఈ కొలమానమున కొలిచినచో బైబిలు ఛాయలే హెచ్చుగా మిగులును. ఆ గ్రంథపు పీఠికలో ఆమె చేసిన ఫిర్యాదు మాత్రము సరసముగా నున్నది: లోకమంతటి విద్యావిధానమును సంస్కరింతునన్నను, సంపాదకులు ఆమె ఆఱేండ్ల వయస్సు నాటి భావములనే చెప్పుమని యడుగుదురట.

అరువు మాటల వలన ఆమెకు కలిగిన ఆపద చిన్నది కాదు. 1891లో, పదునొకండేండ్ల వయస్సున, 'ది ఫ్రాస్ట్ కింగ్' అను కథ వ్రాసి పెర్కిన్స్ అంధ విద్యాలయాధిపతి అనాగ్నోస్‌కు జన్మదిన కానుకగా పంపినది. హేమంతము ఆకులకు రంగులు పూయుట అందలి విషయము. అది అచ్చయిన పిదప మార్గరెట్ కాన్బీ కథకు మిక్కిలి దగ్గఱగా నున్నదని తేలినది. 1892లో విద్యాలయములోనే విచారణ జరిగినది. ఉపాధ్యాయిని వెలుపల నుండవలసి వచ్చెను. ఆ కథను ఎన్నడో ఎవరో ఆమె చేతిలో చదివియుందురు. కథ నిలిచినది, చదివినారను జ్ఞాపకము నిలువలేదు. తన తలంపులకు, తాను చదివిన వాటికి సరిహద్దు ఎక్కడనో తనకే నిశ్చయము లేదని ఆత్మకథలో ఆమె యొప్పుకొన్నది. ఆమె అపహరించినదని చెప్పబడిన కథ పూర్తిగా రంగులను గూర్చినదగుట యాదృచ్ఛికము కాదు. చల్లదనము, మంచు, ఆకుల గలగల: ఇవన్నియు ఆమె చేతికి తెలిసినవే. కథ మాత్రము వాటిని తాకలేదు. మార్క్ ట్వేన్ 1903లో ఆమెకు వ్రాసిన జాబులో, లోకములో అందఱి భావములును ఎరువు సొమ్మేనని సమర్థించెను. ఇది స్నేహధర్మము, విమర్శ కాదు. అందఱును దొంగలైనచో ఆస్తి యను మాటకే అర్థము లేదు.

విలే, కట్స్‌ఫర్తుల ఆక్షేపణకు సరియైన సమాధానము వేఱొకచోట నున్నది. బార్బరా లాండౌ, లీలా గ్లైట్‌మన్ 1985లో ప్రకటించిన గ్రంథములో, పుట్టంధురాలైన మూడేండ్ల బాలిక 'చూడు' అను మాటను ఎట్లు గ్రహించినదో పరీక్షించిరి. పైకి చూడుమన్నపుడు కండ్లకు గంతలు కట్టిన దృష్టిగల పిల్లలు ముఖము పైకెత్తిరి. ఈ బాలిక ముఖమెత్తక చేతులు పైకెత్తినది. వస్తువును 'తాకు'మన్నచో ఊరక తాకినది. 'చూడు'మన్నచో చేతులతో అంతటను తడవి పరిశీలించినది. ఆ మాట ఆమెకు శూన్యము కాదు. తన ఇంద్రియముతో వెదకి తెలిసికొనుట అను అర్థముతో అది నిండుగా నున్నది.

ఆంగ్లభాషకు ఇది ఒక పరిశోధనా ఫలము. తెలుగునకు ఇది నిత్యవ్యవహారము. 'చూచు' ధాతువును మనము కంటికి ఏనాడును కట్టిపెట్టలేదు. రుచి చూతుము, వాసన చూతుము, నాడి చూతుము. ఒళ్ళు వెచ్చగా నున్నదేమో చేయి వేసి చూతుము. మెతుకు పట్టి చూతుము. అడిగి చూతుము, చేసి చూతుము. తక్కిన క్రియల వెనుక చేరి ఇది 'చేసి తెలిసికొనుట' అను నర్థమునిచ్చు సహాయక్రియయైనది. మఱియొక వైపున జ్ఞానమునకు మనవారు వాడు మాటలు చేతినుండి పుట్టినవి: విద్య పట్టుబడును, అర్థము అందును, రచయిత చేయి తిరిగినవాడగును, వ్యాఖ్యాత అరటిపండొలిచి చేతిలో పెట్టును. కరతలామలకమను సంస్కృతపు పోలికలో కూడ ఉసిరికాయ చెట్టుమీద లేదు, అరచేతిలో నున్నది. ఒక భాష తన మాటలలోనే కంటిని చేతికి, చేతిని కంటికి ఇట్లు ముడిపెట్టి యుండగా, చూపులేనివానికి 'చూచితిని' అను క్రియపై హక్కు లేదనుట ఆ భాష నెఱుగకపోవుటయే.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. చేతికి తెలిసిన వస్తువును కంటికి తెలిసిన వస్తువును ఒకటియేనా? న్యాయసూత్రముల మూడవ అధ్యాయారంభమున గౌతముడు, చూపుతోను తాకుటతోను ఒకే వస్తువు గ్రహింపబడుచున్నందున ఈ రెండింటికిని వేఱైన ఆత్మ కలదని సాధించెను: చూచిన నేనే తాకుచున్నాను. ఐరోపాలో విలియం మొలినో 1688లో లాక్‌కు వ్రాసి అడిగిన ప్రశ్న దీనికి ఎదురుముఖము: గోళమును, ఘనమును చేతితో గుర్తింపనేర్చిన పుట్టంధునకు చూపు వచ్చినచో, తాకకుండ చూచినంతనే ఏది యేదో చెప్పగలడా? చెప్పలేడని ఇర్వురును తలచిరి. చిరకాలమునకు, 2011లో, మన దేశమున శస్త్రచికిత్సచే చూపు వచ్చిన అయిదుగురు బాలబాలికలను, 8 నుండి 17 ఏండ్లవారిని, పవన్ సిన్హా బృందము పరీక్షించినది. చేతితో తెలిసిన ఆకృతిని వారు కంటితో వెంటనే పోల్చుకొనలేకపోయిరి. కాని కొలది దినములలో, ప్రత్యేక శిక్షణ లేకయే, నేర్చిరి. ఈ ఫలితము రెండు పక్షములకును కొంత అనుకూలము. కన్ను, చేయి పుట్టుకతో ఏకభాషులు కావు. కాని ఒకదాని మాటను మఱొకటి వేగముగ నేర్చును.

ఇది ఆకారము మాట. సంఖ్య, పరిమాణము, సంయోగము మున్నగునవి ద్వీంద్రియగ్రాహ్యములనియు, కన్ను, చర్మము రెండును గ్రహించుననియు వైశేషికులు విభజించిరి. రూపము, అనగా రంగు, కంటికే పరిమితము. దానిని పుట్టంధుడు ఎన్నటికిని ప్రత్యక్షముగా నెఱుగడు. ఇక్కడ విలే గెలిచినట్లు కనబడును. కాని మన శాస్త్రములో ప్రత్యక్షమొక్కటియే ప్రమాణము కాదు. శబ్దము కూడ ప్రమాణమే. ఆప్తవాక్యము వలన కలిగిన జ్ఞానము జ్ఞానమే గాని జ్ఞానాభాసము కాదు. కెల్లర్ వెన్నెల శాబ్దజ్ఞానము. దానిని శాబ్దజ్ఞానముగా వాడినంతకాలము ఆమెకు దోషములేదు. తాను చూచినట్లు ప్రత్యక్షవర్ణనకు దిగినపుడు గద్యము పలుచనగును. ఇది కావ్యదోషము, అసత్యదోషము కాదు. మన ప్రబంధ వర్ణనలకు ఈ సూత్రమును అన్వయించినచో ఏమగును? చకోరము వెన్నెల త్రాగుట ఏ కన్నున్నవాడు చూచెను? హంస పాలను నీటిని వేఱుచేయుట ఏ పరీక్షకుడు చూచెను? చంద్రోదయ వర్ణనలో మూడువంతులు కవిసమయమే, అనగా శబ్దమునుండి శబ్దమునకు సంక్రమించినదే. అందు చూపులేని విద్యార్థియు, చూపుగల ఆచార్యుడును ఒకే బల్లపై కూర్చున్నవారు. తక్కిన వంతులో వెన్నెల చల్లదనము, పిల్లగాలి, కలువల తావి కలవు. వీనిని తెలియుటకు కన్ను అక్కఱలేదు.

చివరగా, తెలుగు బోధించువారికి ఉపయోగపడు విషయమొకటి. 1951లో ఆమోదింపబడిన భారతి బ్రెయిలీ ప్రకారము తెలుగు అక్షరములు పైకి క్రిందికి పేర్చబడవు. ఎడమనుండి కుడికి వరుసగా సాగును. గుడి, కొమ్ము, ఏత్వము హల్లుపై నెక్కక, అచ్చురూపముననే హల్లునకు తరువాతి గడిలో నిలుచును. సంయుక్తాక్షరమునకు ముందు, నాలుగవ చుక్క ఒక్కటే గల గడి వచ్చును. పిదప హల్లులు వరుసగా వచ్చును. 'పద్యము' అను మాటలో 'ప' తరువాత ఆ చుక్క, పిమ్మట 'ద', 'య'. ఛందస్సునకు దీని ప్రయోజనము గమనింపదగినది. అచ్చు పుస్తకములో దీర్ఘము అక్షరపు తలపై నుండును, సున్న ప్రక్కన నుండును, గురుత్వమునిచ్చు వత్తు తరువాతి అక్షరము క్రింద వ్రేలాడును. ప్రథమ సంవత్సర విద్యార్థి గణవిభజనలో తఱచుగా పొరపడునది ఈ వత్తు దగ్గఱనే. వ్రేలికి మాత్రము దీర్ఘము, సున్న, విసర్గ, సంయుక్తము, పొల్లు అన్నియు ఒకే తీరున, ఆ యక్షరమునకు తరువాతి గడిలో తెలియుచున్నవి. 'ప' గురువని ద్యకారము రాకముందే, చుక్క తగిలినంతనే తెలిసిపోవును. రెండు మినహాయింపులున్నవి: 'క్ష', 'జ్ఞ' లకు ఆ లిపిలో ఒక్కొక్క గడియే యుండుటచేత ముందు చుక్క యుండదు. 'పక్షి', 'యజ్ఞము' వంటి మాటలలో తొలి యక్షరమును లఘువని లెక్కించుటకు అవకాశము కలదు. కావున గణవిభజన పాఠము చెప్పునపుడు ఈ రెండక్షరములు గల పద్యములను ముందుగనే ఏఱి, ఒకటికి రెండుసార్లు విద్యార్థి వ్రేలి క్రిందికి తేవలెను.